అరువు అడుగులు

మా బావ చెప్పులు అరగవు. మరదలి వరసకి సరసమాడుతున్నానని అనుకోకండి. నేను చెప్పుల దుకాణంలో పనిచేసేదాన్ని, అరిగిన మడమేదో అరగనిదేదో నాకు తెలుసు. ఆయన కొన్న జత రంగు వెలిసి, పట్టీ చివికి మూలపడవలసిందే తప్ప అడుగు అరిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి కంపెనీ మొత్తానికి అందరికంటే ఎక్కువ నడిచినవాడని పేరు తెచ్చుకుని గోడమీద ఫోటోకి ఎక్కాడు. ఆ ఫోటో కోసం మా అక్క ప్రాణం మీదికి తెచ్చాడు. ఫోటో ఇప్పటికీ అక్కడే ఉంది, సరదా ఉన్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

బావది కాటా దగ్గర పని. పెద్ద గోదాముల కంపెనీ ఒకటి ఉంది. దాని గేటు పక్కన నేలలో ఒక ఇనుప పలక పరిచి ఉంటుంది. సరుకు లారీలు వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి ఆ పలక ఎక్కి దిగాలి. పక్కనే అద్దాల గది, గదిలో తిరిగే కుర్చీ, కుర్చీలో మా బావ. తెరమీద బండి బరువు అంకెల్లో పడుతుంది, బావ మీట నొక్కుతాడు, చీటీ బయటికి వస్తుంది. ఇంతే పని. ఈ పనికే డ్రైవర్లందరూ ఆయన్ని కాటా సారు అంటారు, ఆయన కూడా ఆ పిలుపు విన్నప్పుడల్లా మీసం ఉన్నచోటు ఒకసారి తడుముకుంటాడు. మీసం మాత్రం లేదు.

ఒక్క విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. మీట నొక్కే ముందు కిటికీలోంచి తల బయటపెట్టి "కాటా మీద ఏ బండి ఉంది?" అని కేకేస్తాడు. డ్రైవరు నంబరు చెప్పాలి, బావ ఆ నంబరు కళ్ళారా చూడాలి, అప్పుడే చీటీ. ఎందుకంటే ఒక బండిని కాటా ఎక్కించి ఇంకో బండి పేరు మీద చీటీ పట్టుకుపోయే ఘనులు ఉంటారట. అలాంటివాళ్ళని పట్టుకున్న కథలు మాకు అన్నంలోకి నంజుడుగా వడ్డించేవాడు. "అంకె అబద్ధమాడదు మరదలా. అంకె పక్కన రాసిన పేరే అబద్ధమాడుతుంది" అనేవాడు. ఈ ఒక్క మాటా గుర్తు పెట్టుకోండి.

ఇంట్లోనూ తూకమే. కూరగాయలు తెస్తే సంచీలోంచి తీసి మళ్ళీ తూచేవాడు. బియ్యం బస్తా, సబ్బు బిళ్ళ, చివరికి పాత పేపర్లవాడు వస్తే వాడి త్రాసుని కూడా తన త్రాసులో పెట్టి తూచాడు ఒకసారి. తూచడానికైతే లేస్తాడు. మిగతా వాటికి లేవడు. మంచినీళ్ళ గ్లాసు ఆయన దగ్గరికి నడిచి రావాలి, ఆయన దాని దగ్గరికి నడవడు.

ఆ గ్లాసుని నడిపించేది మా అక్క. అక్క మూడంతస్తుల బట్టల దుకాణంలో దుప్పట్లు, కర్టెన్లు అమ్ముతుంది. ఆ దుకాణంలో కుర్చీలు కొనేవాళ్ళకే, అమ్మేవాళ్ళు నిలబడే ఉండాలి. సరుకేమో అన్నిటికంటే పైన, మెట్లెక్కి వెళ్ళాల్సిన గదిలో. "నీలం రంగులో లేదా?" అని ఎవరైనా నోరు జారితే చాలు, అక్క పైకి పరుగు. తీరా తెచ్చాక "ఇంకొంచెం లేత నీలం" అంటారు, మళ్ళీ పరుగు. ఐనా దుప్పటి మడత పెట్టడంలో అక్క తరవాతే ఎవరైనా. రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే ఫట్‌మని చప్పుడు చేసి గాలిలో పరుచుకుని, తనంతట తానే మడతకి వచ్చేది. కొనడానికి రానివాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. ఇంటికొచ్చాక మళ్ళీ రెండంతస్తుల మెట్లు. వాళ్ళు పై వాటాలో ఉంటారు, నేను కింద వాటాలో. కుళాయి కూడా కిందే. అప్పట్లో పొద్దున్నే నీళ్ళ బకెట్లు మాత్రం బావ మోసేవాడు. లోకంలో ఆయన మోసిన బరువు అదొక్కటే. దాని గురించి సాయంత్రం దాకా మూలిగేవాడు.

ఇలా ఉండగా కంపెనీకి ఉద్యోగుల గుండెల మీద ప్రేమ పుట్టింది.

ఆ ప్రేమకి ఒక ఆఫీసరు ఉన్నాడు. ఉద్యోగుల బాగోగులు చూడటం ఆయన పని. ఎండలో బస్తాలు మోసేవాళ్ళకి నీడ వేయించమంటే నవ్వేవాడు, మరుగుదొడ్డి బాగు చేయించమన్నా నవ్వేవాడు, అందుకని నేను ఆయనకి నవ్వులాయన అని పేరు పెట్టాను. ఆ నవ్వులాయన ఒకరోజు అందరికీ తలా ఒక వాచీ పంచాడు. మామూలు వాచీ కాదు. చేతికి కట్టుకుంటే ఎన్ని అడుగులు నడిచారో లెక్కపెడుతుంది, గుండె ఎలా కొట్టుకుంటోందో వెనకవైపు పచ్చని వెలుతురు పెట్టి చూస్తుంది. సాయంత్రం ఫోను దగ్గరికి తెస్తే పగలంతా పోగైన అంకెలు ఫోనులోకి దిగుతాయి, అక్కడినుంచి కంపెనీకి పోతాయి. ఎక్కువ నడిచినవాడి పేరు గేటు దగ్గర బోర్డు మీద పైన ఉంటుంది, తక్కువ నడిచినవాడి పేరు కింద. బాగా కింద ఉన్నవాళ్ళు పొద్దున్నే వచ్చి నవ్వులాయన ఈల వేస్తుంటే వరసలో నిలబడి చేతులూపాలి.

మొదటి వారం బోర్డు మీద అట్టడుగున ఉన్న పేరు ఎవరిదో వేరే చెప్పాలా? అన్నిటికంటే పైన ఉన్నది లోడింగు మేస్త్రి. బస్తాల వెంట పొద్దస్తమానం తిరిగే మనిషి, వద్దన్నా అడుగులు పడతాయి. బావకీ ఆయనకీ ముందునుంచే పడదు. "గుండె ఆరోగ్యం అంటే బస్తాలు మోయడమా? బుర్ర వాడేవాడి గుండె వేరు" అని బావ ఇంట్లో కూర్చుని కేకలేశాడు. కూర్చుని అన్నమాట గమనించండి.

తరవాత ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట వాచీ కట్టిన చెయ్యిని కుర్చీలో కూర్చునే ఊపాడట. భుజం పట్టేసింది. పొద్దున్నే నడుస్తానని చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని వచ్చాడట. అప్పుడు ఆయన చూపు అక్క మీద పడింది. ఇంట్లోనే గానుగెద్దు ఉండగా తను తిరగడమెందుకు? వాచీ విప్పి అక్క ఎడమ చేతికి కట్టాడు. దుకాణంవాళ్ళు ఇచ్చిన పొడుగు చేతుల కోటు కిందకి అది కనబడదు. సాయంత్రం ఇంటికి రాగానే విప్పి ఇచ్చేయాలి. మంగళవారం దుకాణానికి సెలవు, అక్క బట్టలుతుక్కునే రోజు, నీళ్ళలో వాచీ పాడవుతుందని ఆ ఒక్క రోజూ తనే పెట్టుకునేవాడు. ఆ జాగ్రత్త చూడండి, వాచీ మీద. "మీ చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు, దానికి చెప్పకు" అని కూడా అన్నాడట. మా అక్క చెప్పలేదు. మొగుడి మాట దాచడమంటే దానికి పెట్టెలో బంగారం దాచినంత శ్రద్ధ.

సొమ్మొకడిది సోకొకడిది. బావ పేరు బోర్డు మీద పైకెక్కింది, మెల్లగా మేస్త్రిని కూడా దాటింది. బావ నడక మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. నా దుకాణానికి వచ్చి, నేను మోకాళ్ళ మీద కూర్చుని ఎవరికో చెప్పులు తొడుగుతుంటే, "నడిచేవాడి కాలికి ఎలాంటి అట్ట ఉండాలో నన్నడుగు మరదలా" అన్నాడు. ఆయన కాళ్ళకేసి చూశాను. మడమలు ఎప్పటిలాగే నున్నగా ఉన్నాయి. గాలిలో నడుస్తున్నాడేమో అనుకుని ఊరుకున్నాను.

ఒక సాయంత్రం ఫోను ఎర్రగా మెరిసింది. గుండె లయలో తేడా కనబడుతోంది, డాక్టరుని కలవండి అని దాని సారాంశం. మెసేజ్ మొదట్లో బావ పేరు ఉంది. బావ ఆ పేరు చదివి సోఫాలో వెనక్కి ఒరిగిపోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఏ బండి ఎక్కిందో చూడకుండా జన్మలో చీటీ కొట్టని మనిషి. పగలంతా ఆ వాచీ ఎవరి చేతికి ఉందో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. ఐనా తన పేరు కనబడగానే తన గుండే అనుకున్నాడు. పొగడ్తకి అలవాటు పడ్డవాడు జబ్బుని కూడా తనదే అనుకుంటాడని నాకు అప్పటిదాకా తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. గుండె గీత తీశారు, బాగుంది. ఛాతీకి తీగలు అంటించి ఒక రోజంతా ఇంట్లో తిప్పారు, అదీ బాగుంది. "మీ గుండెకి ఏ లోటూ లేదండీ, ఉప్పు తగ్గించండి, నడవండి" అన్నాడు డాక్టరు. "నడుస్తూనే ఉన్నానండీ, కంపెనీలో నేనే ఫస్టు" అన్నాడట మా బావ. వాచీ పగలు ఇంకెవరి చేతికో ఉంటుందన్న ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు. ఎర్ర మెసేజ్‌లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. డాక్టరుకి తెలియని రోగం నా వాచీకి తెలిసింది అని ఆయన నిశ్చయం.

ఇక చూడండి దర్జా. మంచం కిటికీ పక్కకి జరిగింది. ఉప్పు లేని కూర వేరే గిన్నెలో, ఉప్పున్న కూర ఇంకో గిన్నెలో, ఎందుకంటే పథ్యం కూర నచ్చకపోతే రెండోది కావాలి. "ఏమే, దడగా ఉంది, కాస్త ఛాతీ రాయి" అంటే పొయ్యి ఆర్పేసి వచ్చి అక్క ఛాతీ రాసేది. గుండె జబ్బు మనిషి బరువులు ఎత్తకూడదు కనుక నీళ్ళ బకెట్లు కూడా అక్కకే వచ్చిపడ్డాయి. పొద్దున్నే వాచీ కట్టించుకునే కుళాయికి దిగేది, దాంతో అడుగులు ఇంకా పెరిగాయి, బోర్డు మీద బావ పేరు ఎవరికీ అందనంత పైకి వెళ్ళింది. గుండె జబ్బుతో కూడా ఇంత నడుస్తున్నాడని నవ్వులాయన మురిసిపోయాడు.

ఆ రోజుల్లోనే నేను అక్కని మెట్ల మధ్య మలుపులో చూశాను. నిండు బకెట్టు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. మొహం తెల్లగా ఉంది.

"ఏమయిందే?" అన్నాను.

"ఏం లేదే. లోపల పిచ్చుక కొట్టుకున్నట్టు ఉంటుంది కాసేపు. కూర్చుంటే పోతుంది."

"డాక్టరుకి చూపించుకో."

"ఇంట్లో ఒక గుండె జబ్బు చాలదా? మెట్లెక్కితే ఎవరికైనా దడ వస్తుంది. నేనేమన్నా చిన్నపిల్లనా?"

బకెట్టు నేను లాక్కుని పైకి తీసుకెళ్ళాను. కిటికీ పక్కన బావ నాడి పట్టుకుని చూసుకుంటున్నాడు. "పెద్ద శబ్దాలు చెయ్యకు మరదలా, నాకు పడదు" అన్నాడు. బకెట్టు ఆయన మంచం పక్కనే దభాలున పెట్టాను. ఆయన గుండె ఆగలేదు.

కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళు సభ పెట్టారు. గుండె కాపాడే వాచీల పథకం ఎంత గొప్పగా నడుస్తోందో చెప్పుకోవడానికి సభ, అందులో మా బావకి సన్మానం. కుటుంబాలు కూడా రావాలన్నారు. దుకాణంలో అరపూట సెలవు అడుక్కుని అక్క వచ్చింది, దానికోసం నేనూ వెళ్ళాను. క్యాంటీన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వేదిక మీద బావ, అద్దం కట్టిన తన ఫోటోతో సహా. ఆ రోజు వాచీ ఆయన చేతికే ఉంది, చొక్కా చెయ్యి పైకి మడిచి మరీ కూర్చున్నాడు.

నవ్వులాయన తెర మీద గీతలు చూపించాడు. "ఇది మన విజేత ఒక రోజు నడక" అన్నాడు. పొద్దున కొంచెం, ఆ తరవాత కొండలు కొండలుగా గీత, మధ్యాహ్నం భోజనం వేళ కాస్త దిగి, మళ్ళీ సాయంత్రం దాకా కొండలు. ఆ కొండల మధ్య అక్కడక్కడ ఎర్ర చుక్కలు. "మనిషి ఆగి కుదురుగా ఉన్నప్పుడు వాచీ గుండెని చూస్తుంది. లయ తప్పినచోట ఈ చుక్క పెడుతుంది. ఈ వాచీయే లేకపోతే ఈ పెద్దమనిషి సంగతి ఏమయ్యేదో ఆలోచించండి!" అన్నాడు. చప్పట్లు.

వెనక వరసలోంచి మేస్త్రి గొంతు వినబడింది. "ఆ టైముకి కాటా సారు కుర్చీలో కునుకు తీస్తుంటారు కదండీ. నిద్రలో నడుస్తారా?"

హాలంతా గొల్లుమంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మా బావ వెంటనే వాచీ తడుముకున్నాడు, మడిచిన చొక్కా చెయ్యి కిందికి దింపాడు. ఆ దింపడం నేను చూశాను.

నవ్వులాయన నవ్వుతూనే వారం మొత్తం గీత వేశాడు. ఒక్క రోజు మాత్రం గీత నేలకి అతుక్కుపోయి ఉంది. ఎర్ర చుక్కలు కూడా లేవు. "చూశారా, మంగళవారం విశ్రాంతి. విశ్రాంతి కూడా గుండెకి అవసరమే" అన్నాడు.

మంగళవారం మా బావకి సెలవు లేదు. మంగళవారం సెలవు మా అక్క దుకాణానికి.

పక్కకి తిరిగి అక్క చెయ్యి పట్టుకుని కోటు పైకి లాగాను. ఎడమ మణికట్టు చుట్టూ వాచీ పట్టీ ఒత్తుకున్న చార, మధ్యలో నలుచదరపు గుర్తు. ఒళ్ళు మండిపోయింది. "ఇవన్నీ నీ అడుగులా? ఆ ఎర్ర చుక్కలు నీవా?" అన్నాను. అక్క నావైపు తిరిగి ఏదో చెప్పబోయింది. దాని ఎడమ చేతిలో టీ గ్లాసు ఉంది. అది జారి కింద పడింది. అక్క వంగలేదు, ఉలిక్కిపడలేదు. ఆ చెయ్యి తనది కానట్టు దానికేసి చూస్తూ ఉండిపోయింది. మాట్లాడబోతే మాట ముద్దముద్దగా వచ్చింది, పెదవి ఒక పక్కకి జారింది.

హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. నేను వేసిన కేకకి ఆగాయి. నవ్వులాయనకి చెడ్డపేరంటే భయం కాబట్టి కంపెనీ కారు వెంటనే వచ్చింది. బావ ఫోటో చంకలో పెట్టుకునే కారెక్కాడు. కింద పెట్టి రావాలని ఆయనకి తోచలేదు.

ఆసుపత్రిలో అక్కని నేరుగా లోపలికి తీసుకుపోయారు. తలకి ఫోటోలు తీశారు, మందు ఎక్కించారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. మెదడుకి పోయే నాళంలో చిన్న రక్తపు గడ్డ అడ్డుపడిందని, వెంటనే తీసుకురావడం మంచిదయిందని చెప్పింది. తరవాత అడిగింది.

"ఆ గడ్డ ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. గుండె లయ తప్పుతుంటే గుండెలోనే గడ్డ కట్టి పైకి వెళ్ళొచ్చు. కానీ ఇప్పుడు తీసిన గీతలో గుండె మామూలుగానే ఉంది. ఇది వచ్చిపోయే రకమైతే మనం చూసినప్పుడు దొరకదు. మళ్ళీ రాకుండా ఏ మందివ్వాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. ఇదివరకు ఆవిడకి గుండె దడ, లయ తప్పడం, ఎప్పుడైనా ఎక్కడైనా కనబడిందా?"

బావ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. జేబులో ఫోను ఉంది. ఎర్ర చుక్కలన్నీ అందులో ఉన్నాయి. కానీ కారులో వెంట వచ్చిన నవ్వులాయన పక్కనే ఉన్నాడు. నోరు విప్పితే బోర్డు మీది పేరు, చంకలోని ఫోటో, డ్రైవర్ల ముందు కాటా సారు అన్న గౌరవం, అన్నీ గేటు దగ్గరే కూలిపోతాయి. విప్పకపోతే లోపల మంచం మీద మా అక్క ఉంది. ఈ రెండిట్లో ఏది బరువో తూచుకోవడానికి మా బావకి సమయం పట్టింది. ఆ ఆలస్యాన్ని నేను క్షమించను. ఎప్పటికీ క్షమించను.

"చెప్పండి. ఏమైనా ఉందా?" అంది డాక్టరమ్మ మళ్ళీ.

"పెద్దగా... ఏమీ..." అన్నాడు బావ.

నేను ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"కాటా మీద ఏ బండి ఉంది బావా?"

ఆయన నావైపు చూశాడు. జీవితమంతా తను వేసిన కేక తన మీదే పడేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోను తీశాడు. అప్పుడు మాత్రం నిజంగానే దడ పుట్టి ఉంటుంది.

"ఇందులో ఉన్నవన్నీ దానివేనండీ" అన్నాడు డాక్టరమ్మతో. "వాచీ పగలంతా దాని చేతికే ఉండేది. నాకేమీ లేదు. నేను కూర్చునే ఉంటాను."

నవ్వులాయన మొహంలో నవ్వు లేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

డాక్టరమ్మ ఫోను కిందికీ పైకీ జరిపి చూసింది. "వాచీ చెప్పిందే వేదం అనుకోకూడదు. కానీ ఇన్నిసార్లు చెప్పిందంటే ఊరుకోకూడదు కూడా. ఆవిడకి తీగల యంత్రం పెట్టి కొన్ని రోజులు చూస్తాం" అంది. మొట్టమొదటి మెసేజ్ దగ్గర ఆగింది. "ఇది వచ్చిన రోజునే ఆవిడని తీసుకొచ్చి ఉంటే ఈ గడ్డ కట్టకుండా మందు ఇచ్చేవాళ్ళం. అప్పుడు ఎవరిని తీసుకెళ్ళారు?"

"నేనే వెళ్ళానండీ" అన్నాడు బావ. ఆవిడ ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద తిట్టు నేను వినలేదు.

యంత్రం పెట్టాక దొరికింది. అక్క గుండే లయ తప్పుతోంది. మాట కాస్త తిరిగాక, నేను మంచం పక్కన కూర్చుని ఉంటే, అక్క అడిగిన మొదటి మాట ఇది.

"మరి ఆయనకి ఏమీ లేనట్టేనా?"

"గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాను.

"అమ్మయ్య" అంది.

మంచం మీద ఉన్న మనిషి కాకపోతే చాచి లెంపకాయ కొట్టేదాన్ని. "వాచీ నీ చేతికి ఉంది, దడ నీకు వస్తోంది. ఒక్కసారైనా నీకు తట్టలేదుటే?" అని అరిచాను.

"అందులో ఆయన పేరు కదే ఉంది" అంది మా అక్క.

కంపెనీలో ఏం జరిగిందనుకున్నారు? ఏమీ జరగలేదు. వాచీ వల్ల ఒక ప్రాణం నిలిచిందని నవ్వులాయన అప్పటికే పైవాళ్ళకి రాసి పంపేశాడు. ఒక ప్రాణం నిలిచిన మాట నిజమే కదా, ఎవరిదైతేనేం అని సర్దుకున్నాడు. గోడ మీద బావ ఫోటో ఇంకోటి వేలాడుతూనే ఉంది. బావ కూడా కొన్నాళ్ళు తలదించుకుని, తరవాత మెల్లగా తల ఎత్తి, "ఆ రోజు నేను ఫోను ఇచ్చాను కాబట్టి సరిపోయింది" అని లారీవాళ్ళకి చెప్పుకుంటున్నాడట. మేస్త్రి నాకు చెప్పాడు. కుక్కతోక సామెత పాతబడిపోయిందని ఊరుకుంటున్నాను.

అక్క మందులు వేసుకుంటోంది, మాట పూర్తిగా వచ్చింది. ఎడమ చేతిలో పట్టు మాత్రం రాలేదు. దుప్పటి కొస పట్టుకుని విదిలిస్తే చేతిలోంచి జారి కిందపడుతోంది. అందుకని దుకాణంవాళ్ళు దాన్ని కింద బిల్లు చీటీలు సరిచూసే చోట కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారు అంటే నిజంగానే కుర్చీలో. ఇన్నేళ్ళ చాకిరీకి రాని కుర్చీ చెయ్యి పడిపోయాక వచ్చింది. పైన కొత్తగా చేరిన అమ్మాయి దుప్పట్లు మడతపెడుతుంటే అక్క కింద నుంచి ఆ చప్పుడు వింటుందట. "సరిగ్గా రావట్లేదే దానికి" అంటుంది నాతో.

నీళ్ళు ఇప్పుడు బావ మోస్తున్నాడు. మెట్ల మలుపులో ఆగి, రొప్పి, బకెట్టు సగం ఒలకబోసి పైకి చేరుతున్నాడు. వాచీ తన చేతికే ఉంది. బోర్డు మీద పేరు మళ్ళీ అట్టడుగుకి వచ్చింది. పొద్దున్నే ఈలకి చేతులూపడానికి కూడా వెళుతున్నాడు. చెప్పుల మడమ ఒక పక్క రవ్వంత అరిగింది, నేను చూశాను.

మొన్న మంగళవారం డాక్టరమ్మ, అక్క కూడా చేతికి అలాంటి వాచీ ఒకటి పెట్టుకుంటే మంచిది, మందు పనిచేస్తోందో లేదో ఒక కన్ను వేసి ఉంచుతుంది అని చెప్పింది. ఇంటికి రాగానే బావ పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా తన వాచీ విప్పాడు.

"కొత్తది ఎందుకే, ఇదే పెట్టుకో" అని అక్క కుడి చేతికి కట్టబోయాడు. పట్టు లేని ఎడమ చేత్తో అక్క ఏదీ బిగించుకోలేదు, ఇంకొకరు కట్టాల్సిందే.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముందు అందులో పేరు మార్చండి."

అక్క ఆయనకి ఒక పని చెప్పడం నా జన్మలో అదే వినడం. బావ ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, పాత పేరు తుడిచి అక్క పేరు కొట్టాడు. వయసు అడిగింది ఫోను. తప్పు చెప్పాడు, అక్క దిద్దింది. ఆ కింద ఇంకో గడి వచ్చింది. బావ దాన్ని చూసి ఆగిపోయాడు.

"బరువు అడుగుతోందే. నీ బరువెంత?"

అక్క ఆయనకేసి నిదానంగా చూసింది.

"నాకేం తెలుసండీ. మీరెప్పుడైనా తూచారా?"

ఆ గడి నింపకుండా ఫోను ముందుకు పోనంటోంది, ఆయన బొటనవేలు దాని మీదే ఉండిపోయింది.